వేళకు వస్తుంది, నోట్సు నీటుగా ఉంచుతుంది

పోయిన వారం నేను చేసిన వెధవ పని మీకు గుర్తుండే ఉంటుంది. మెడికల్ కాలేజీలకు దరఖాస్తు పెట్టుకుంటున్న ఐనా కంగాస్ నా టేబుల్ ముందు నిలబడి, "మిసెస్ ట్రెవారో, మూడో సిఫార్సు లెటర్ ఎవర్ని అడగమంటారు?" అంది. ఒకవైపు బెవర్లీ పెల్కీ ఉంది. కాంట్రాక్టు మీద కెమిస్ట్రీ చెబుతుంది, ఐనాను రెండేళ్ళు దగ్గరుండి చూసింది, అడిగితే ఇవాళే రాసిస్తానంది. ఇంకోవైపు డాక్టర్ వెండెల్ ప్రాథర్. ఐనా రెండు వేసవులు ఆయన ల్యాబులో పనిచేసింది. ఆయన పేరు చెబితే మూడు రాష్ట్రాల మెడికల్ కాలేజీల్లో తలలు ఊగుతాయి. ఇరవై రెండేళ్ళుగా మా కాలేజీ ఆఫీసులో ఈ కుర్చీలో కూర్చుని, అడిగిన ప్రతివాళ్ళకూ నేను చెప్పేది ఒకటే. పేరున్న మనిషిని అడక్కు, నిన్నెరిగిన మనిషిని అడుగు. ఐనాకు మాత్రం, "ప్రాథర్‌ని అడుగు" అన్నాను. స్కూలు బస్సు నడిపే ఆవిడ కూతుర్ని పెద్ద సంతకం లేకపోతే ఎవరు పట్టించుకుంటారని భయపడ్డాను. ఆ పిల్ల బుద్ధిగా వెళ్ళి బెవర్లీకి వద్దులెండి అని చెప్పి, ప్రాథర్ తలుపు తట్టింది.

ఆ ప్రాథర్ లెటర్ ఈ శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి నా చేతికొచ్చింది. అర పేజీ ఉంది.

మా ఆఫీసు పద్ధతి చెబుతాను. లెటర్ రాసినవాళ్ళు సంతకం పెట్టి, కవర్లో పెట్టి నాకు పంపిస్తారు. పేరు, తేదీ, సంతకం సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, స్కాన్ చేసి, నేను ఫైల్లో పెట్టాలి. ఎవరి గురించి రాశారో వాళ్ళు మాత్రం ఆ లెటర్ చూడకూడదు. చూసే హక్కు వదులుకుంటున్నానని ముందే సంతకం చేసి ఇస్తారు. చెయ్యకపోతే ఆ లెటర్‌ని ఏ మెడికల్ కాలేజీ నమ్మదు. తమ గురించి ఎవరేం రాశారో తెలియకుండానే ఆ పిల్లల బతుకులు తేలిపోతాయన్నమాట. శుక్రవారం ఐదింటికి ఫైళ్ళు మూసేస్తాం. సోమవారం కమిటీ కూర్చుని, ఎవర్ని ఎంత గట్టిగా సిఫార్సు చెయ్యాలో కాలేజీ తరపున తేలుస్తుంది. మూసిన తర్వాత ఒక్క ముక్క మార్చడానికి ఉండదు.

లెటర్లు చదవనని నేను కూడా ఒక కాగితం మీద సంతకం పెట్టాను. కానీ అర పేజీ కాగితం కళ్ళెదుట ఉంటే గుడ్డిదానిలా నటించడం నాకు చేతకాదు.

"ఐనా కంగాస్ నా ల్యాబులో రెండు వేసవులు పనిచేసింది. వేళకు వస్తుంది. నోట్సు నీటుగా ఉంచుతుంది. చెప్పిన పని చేస్తుంది. తగిన పర్యవేక్షణ ఉంటే రాణిస్తుంది. ఆమె తను కోరుకున్న రంగంలో స్థిరపడాలని ఆశిస్తున్నాను."

బయటివాళ్ళకు ఇందులో తప్పేమీ కనబడదు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ లెటర్లలో ఎవరూ ఎవర్నీ తిట్టరు. పొగడడానికి ఏమీ దొరక్కపోతే, వేళకు వస్తుంది అని రాస్తారు. నోట్సు నీటుగా ఉంచుతుంది అంటే బుర్ర సంగతి అడక్కండని అర్థం. ఇక తగిన పర్యవేక్షణ అన్న ముక్క చూసిన ఏ డాక్టరైనా ఫైలు మూసి పక్కన పెట్టేస్తాడు. పక్కన ఎవరూ లేకపోతే ఈ పిల్ల రోగి ప్రాణం మీదికి తెస్తుంది అని చెప్పడానికి అది మర్యాదైన మాట. ఈ లెటర్ ఫైల్లో చేరిందంటే ఇక అక్కడే ఉంటుంది. వచ్చే ఏడాది మళ్ళీ పెట్టుకున్నా ఇదే కమిటీ, ఇదే ఫైలు. ఐనా డాక్టరవడం అన్నది ఈ అర పేజీతో సరి.

ఆ పిల్లను ప్రాథర్ దగ్గరికి పంపింది నేనే. ఆ మాట తలుచుకున్న కొద్దీ ఎవర్ని తిట్టాలో తెలియక, లెటర్ పట్టుకుని మెట్లెక్కాను.

వేసవి సెలవులు కాబట్టి కారిడార్లన్నీ ఖాళీగా ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నమైతే మా ఊళ్ళో ప్రతివాడూ క్యాంపుకు పోతాడు, అంటే అడవిలో సరస్సు పక్కన ఉండే తన చెక్క గుడిసెకు. ప్రాథర్ కూడా అదే పనిలో ఉన్నాడు. నెత్తిన చేపల వేట టోపీ, కుర్చీలో ఐసు పెట్టె. నన్ను చూసి నవ్వాడు.

"లోర్నా! నువ్వు పైదాకా వచ్చావేంటి? మోకాళ్ళు ఒప్పుకున్నాయా?"

"ఒప్పుకోలేదు, నేనే లాక్కొచ్చాను. ఇది చదవండి డాక్టర్ ప్రాథర్."

"వెండెల్ అనమని ఇరవై ఏళ్ళ నుంచీ చెబుతున్నాను నీకు."

"చదవండి."

చదివాడు. చదవడమేమిటి, సంతకం ఉందో లేదో చూసుకున్నాడు. "బాగానే ఉందిగా. కాస్త చిన్నదయింది, అంతే."

"మీ కూతురి గురించి ఎవరైనా ఇలా రాస్తే బాగానే ఉందంటారా?"

ఆయన నవ్వు తగ్గింది. "చూడు లోర్నా, నువ్వసలు ఇవి చదవకూడదు."

"మీరు చదవొచ్చు కదా. మీరు చదివారా?"

ఆయన టేబుల్ మీది కాగితాల ట్రే గబగబా వెతికి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. "ఇదిగో, నామీద అరుస్తావు గానీ, ఆ అమ్మాయే రాసిచ్చింది చూడు. ఇందులో ఉన్నదే అందులో ఉంది."

లెటర్ రాసేవాళ్ళకు సాయంగా ఉంటుందని, తమ ఘనకార్యాలన్నీ ఒక కాగితం మీద రాసిమ్మని పిల్లలకు నేనే చెబుతాను. పిల్లలు దాన్ని గొప్పల కాగితం అంటారు. కొందరు నాలుగు పేజీలు నింపుతారు. ఒకడైతే చిన్నప్పుడు ఈతలో గెలిచిన కప్పు కూడా రాశాడు. ఐనా కాగితం మీద మూడే మూడు వాక్యాలున్నాయి. ఆ గుండ్రటి అక్షరాలు నాకు తెలుసు. "వేళకు వచ్చాను. నోట్సు నీటుగా ఉంచాను. చెప్పిన పని చేశాను."

ఐనా వాళ్ళ ముత్తాతలు ఫిన్లాండ్ నుంచి గనుల్లో పనికి వచ్చినవాళ్ళు. ఆ ఇళ్ళల్లో పిల్లలకు మాటలు రాకముందే నేర్పేది ఒకటే, నీ గురించి నువ్వు గొప్పగా చెప్పుకోకూడదని. వంట బాగుందన్నా తలదించుకుని, ఉప్పు ఎక్కువైందనుకుంటా అనే మనుషులు. ఆ ఇంటి పిల్లను గొప్పలు రాసుకురమ్మంటే ఇంకేం రాస్తుంది? ఆ క్షణంలో ఐనా మీద కూడా మండింది నాకు. పిచ్చి మొద్దు, ఎవరి కోసం ఈ అణకువ అని అరవాలనిపించింది.

మళ్ళీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను.

"మరి ఈ పర్యవేక్షణ సంగతేమిటి? పిల్ల రాసినదాంట్లో ఆ మాట లేదే."

ప్రాథర్ వంగి చూశాడు. "అవును, లేదు. అది కర్టిస్ చేర్చి ఉంటాడు."

"చేర్చడానికి కర్టిస్ ఎవరు?"

కర్టిస్ లాంగ్ ఎవరో మీకు చెప్పాలి. ప్రాథర్ ల్యాబులో పెద్ద అసిస్టెంటు. ఇరవై ఆరేళ్ళవాడు, మర్యాదస్తుడు, నా పుట్టినరోజు మర్చిపోకుండా కార్డు ఇచ్చే కుర్రాడు. కిందటి క్రిస్మస్‌కు వాళ్ళమ్మ చేసిన జామ్ కూడా ఇచ్చాడు నాకు.

ప్రాథర్ టోపీ తీసి టేబుల్ మీద పెట్టాడు. "ఈ ఏడు లెటర్లు కావాలని ముప్పై ఒక్క మంది అడిగారు లోర్నా. నేను పాఠాలు చెప్పాలా, పరిశోధన చెయ్యాలా, వీళ్ళ పొగడ్తలు రాస్తూ కూర్చోవాలా? వీళ్ళని రోజూ చూసేది కర్టిసే. అతను రాస్తాడు, నేను చూసి సంతకం పెడతాను. అన్ని చోట్లా జరిగేది ఇదే."

"చూస్తారా?"

"సంతకం పెడతాను."

"సిగ్గులేదా మీకు?" నోట్లోంచి వచ్చేసింది. వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు. "కర్టిస్ కూడా ఈ ఏడాది మెడికల్ కాలేజీకి పెట్టుకున్నాడు. మూడోసారి పెట్టుకున్నాడు. అతని ఫైలూ ఐనా ఫైలూ సోమవారం ఒకే టేబుల్ మీదికి వెళ్తాయి. పోటీలో ఉన్నవాడి చేత పోటీలో ఉన్న పిల్ల గురించి రాయిస్తారా?"

"కర్టిస్ అలాంటివాడు కాదు." ఈసారి ఆయన గొంతు కూడా లేచింది. "వాడి గురించి ఒక్క మాటన్నా ఊరుకోను. ఫిబ్రవరి తుఫానులో బిల్డింగంతా కరెంటు పోయినప్పుడు నా పెద్ద ఫ్రీజర్‌ని కాపాడింది ఎవరనుకున్నావ్? ఆరేళ్ళ పని అందులో ఉంది. ఇంకో రెండు గంటలైతే అంతా నీళ్ళే."

"కర్టిస్ కాపాడాడా?"

"మరెవరు?"

గోడకు చేరబడ్డాను.

ఆ ఆదివారం నాకు బాగా గుర్తు. పొద్దున పది గంటలకు మా ఇంటికి ఫోను. ఐనా. వృద్ధాశ్రమంలో డ్యూటీ దిగి ఇంటికి పోతూ, బిల్డింగులో దీపాల్లేవని చూసి లోపలికెళ్ళిందట. ఫ్రీజర్ లోపల చలి తగ్గిపోతోంది, కర్టిస్ ఫోను ఎత్తడం లేదు, మెసేజీలు పెడుతూనే ఉన్నాను, డాక్టర్ ప్రాథర్ ఊళ్ళో లేరు, ఏం చెయ్యమంటారు అంది. నాకేం తెలుసు? ఫ్రీజర్‌లో పెట్టడానికి మామూలు ఐసు కంటే చల్లగా ఉండే డ్రై ఐస్ ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పగలిగాను. సరస్సు నుంచి చేపలు పట్టి పంపే కొట్టు ఒకటుంది రేవు దగ్గర. దాని యజమాని నంబరు ఇచ్చాను. రోడ్ల మీద మోకాలి దాకా మంచు, కార్లు కదలడం లేదు. ఐనా తన తమ్ముడి స్లెడ్డుకు, అంటే మంచు మీద జారే చక్రాల్లేని బండికి, తాడు కట్టి లాక్కుంటూ, రేవుకూ బిల్డింగుకూ మధ్య మూడుసార్లు తిరిగింది. ప్రతిసారీ నాకు ఫోను చేసి, "ఇంకా నిలబడే ఉంది మిసెస్ ట్రెవారో" అని చెప్పేది. సాయంత్రం కరెంటు వచ్చింది. చదువు రోజుల్లో కూడా ఆ ల్యాబులో కొన్ని గంటలు పనిచేసేది కదా, సోమవారం పొద్దున తన మామూలు వేళకు వెళ్ళి, తన బల్ల దగ్గర కూర్చుని నోట్సు రాసుకుంది. ఆ తర్వాత ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. నేను చెప్పబోతే, "ఎందుకులెండి, ఎవరున్నా అదే చేసేవారు" అని నా చెయ్యి పట్టుకుని ఆపింది.

ఇదంతా ప్రాథర్‌కు చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది. అయినా తలాడించాడు. "అలా కాదే. సోమవారం పొద్దునే కర్టిస్ నాకు ఫోన్ చేసి, ఫ్రీజర్ భద్రంగా ఉంది అన్నాడు. నేను థాంక్స్ చెప్పాను."

"తనే చేశానన్నాడా?"

"నేను చేశాను అనలేదు. చెయ్యలేదనీ అనలేదు."

"మరి కర్టిస్ గురించి మీరు రాసిన లెటర్, అది ఎవరు రాశారు?"

ప్రాథర్ ఐసు పెట్టె మూత సరిగ్గా పడిందో లేదో చూసుకుంటూ నిలబడ్డాడు.

మెట్లు దిగాను. కర్టిస్ లెటర్ మంగళవారమే నా దగ్గరికొచ్చింది. పేరు, తేదీ, సంతకం చూసి స్కాన్ చేసి పడేశాను. రెండు పేజీలు. చదవలేదు. చదవకూడని కాగితాన్ని చదవకుండా ఉన్నది ఆ ఒక్కసారే, అదీ తప్పే అయింది. ఇప్పుడు ఫైల్లోంచి తీసి, పైకొచ్చే మెట్ల మీదే నిలబడి చదివాను. మొదటి పేజీ ల్యాబు పని గురించి. రెండో పేజీ మొదట్లోనే ఉంది.

"గత ఫిబ్రవరిలో తుఫాను రోజున, ఎవరూ అడగకుండానే, ఈ యువకుడు రేవు నుంచి స్లెడ్డు మీద డ్రై ఐస్ మూడు విడతలుగా లాక్కొచ్చి నా ఆరేళ్ళ పరిశోధనను కాపాడాడు. మరునాడు తన మామూలు వేళకు వచ్చి పనిలో కూర్చున్నాడు. ఆ సంగతి తన నోటితో తను చెప్పుకోలేదు. రేపు రోగి మంచం పక్కన నిలబడవలసిన మనిషి ఇలాగే ఉండాలి."

ఆ పిల్ల కాళ్ళు, ఆ పిల్ల చేతులు, చివరికి ఆ పిల్ల సిగ్గు కూడా ఎత్తుకుపోయాడు. రేవు, స్లెడ్డు, మూడు విడతలు, ఒక్కటీ వదల్లేదు. ఆ రోజు ఐనా పెట్టిన మెసేజీలు చదివే ఉంటాడు, వాడికి ఇదంతా తెలుసునన్నమాట. ఐనా చెప్పుకోదన్న సంగతి కూడా తెలుసు, ఆ ధైర్యంతోనే రాశాడు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఏడుపుతో వచ్చినవి కావు, ఒళ్ళు మండి వచ్చినవి.

రెండు లెటర్లూ తీసుకెళ్ళి ప్రాథర్ టేబుల్ మీద కొట్టాను.

"చదువు వెండెల్."

ఇరవై ఏళ్ళుగా నా నోట వినాలని ఆయన ముచ్చటపడ్డ పేరది. వినగానే ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. ఈసారి నిజంగా చదివాడు, రెండో పేజీ రెండుసార్లు చదివాడు.

"దేవుడా," అన్నాడు.

"దేవుణ్ణి తర్వాత పిలుద్దువు గానీ, ముందు ఈ లెటర్ వెనక్కి తీసుకుంటున్నానని కమిటీకి రాయి. ఇది అబద్ధమని రాయి. ఐనాకు సరైన లెటర్ రాసివ్వు. ఇంకా గంటన్నర ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి ముక్కు పైన నొక్కుకున్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు మారిపోయింది. తేలు కుట్టిన దొంగలా ఉన్న మనిషి కాస్తా లెక్కలు వేసే మనిషయ్యాడు.

"సరే, అలాగే రాస్తాను. కర్టిస్ లెటర్ నేను చదవకుండా సంతకం పెట్టానని రాస్తాను. అప్పుడు కమిటీ మొదట అడిగే ప్రశ్న ఏమిటో తెలుసా? మిగతా ముప్పై మాటేమిటని. ఈ ఏడు నా సంతకంతో వెళ్ళిన ప్రతి లెటరూ చెత్తబుట్టలో పడుతుంది. ముప్పై ఒక్క మంది పిల్లలు, లోర్నా. ఐదింటికి ఫైళ్ళు మూసేస్తారు. ఈ వేళప్పుడు ఇంకో లెటర్ ఎవరిస్తారు వాళ్ళకి? వాళ్ళలో సగం మందిని నీ టేబుల్ దగ్గర నువ్వే నా దగ్గరికి పంపావు."

నన్ను ఎక్కడ కొట్టాలో అక్కడే కొట్టాడు.

"ఇలా చేద్దాం," అని కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "కర్టిస్ సంగతి వచ్చే వారం నేను చూసుకుంటాను. వాణ్ణి పిలిచి గట్టిగా మాట్లాడతాను. ఐనా లెటర్ ఇప్పుడే మార్చేద్దాం. ఆ అమ్మాయి నీకు బాగా తెలుసు, నువ్వు రాయి. ఎంత గొప్పగా కావాలంటే అంత గొప్పగా రాసుకో. నేను సంతకం పెడతాను."

ఒక్క నిమిషం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది.

"నీకింకా బుద్ధి రాలేదా వెండెల్? నువ్వు చదవని ఇంకో లెటర్ మీద సంతకం పెడతానంటున్నావా?"

"ఆ పిల్లకు మేలు చేస్తానంటే కూడా తప్పేనా?"

"దాని కోసం ఒక్క పేరా సొంతంగా రాయడానికి నీకు చెయ్యి రాదా? రెండు వేసవులు నీ ల్యాబులో ఉంది. నీ ఆరేళ్ళ బతుకు స్లెడ్డు మీద పెట్టి లాగింది. ఒక్క పేరా!"

"ఏం రాయను?" అని అరిచాడు. గది దద్దరిల్లింది. "నాకా అమ్మాయి గురించి ఏమీ తెలియదు లోర్నా! తెలిస్తే రాయనా?"

ఆ మధ్యాహ్నం ఆయన అన్న మొదటి నిజం అదే. నేను టేబుల్ మీది ఫోను అందుకున్నాను.

"ఎవరికి?" అన్నాడు.

"తెలియదన్నావుగా. వచ్చి కూర్చుంటుంది, తెలుసుకో."

"ఆ పిల్లకు లెటర్ సంగతి చెబితే నీ ఉద్యోగం ఉండదు. హక్కు వదులుకుని సంతకం పెట్టింది. నువ్వూ పెట్టావు."

"తెలుసు," అన్నాను. ఐనా పనిచేసే వృద్ధాశ్రమం నంబరు నొక్కాను. భయపడలేదని అబద్ధం చెప్పను. ఇరవై రెండేళ్ళు ఒక్క మాట బయటికి పోకుండా కాపాడిన దాన్ని.

నాలుగుకు ఐదు నిమిషాలున్నప్పుడు వచ్చింది ఐనా. ఆశ్రమం డ్యూటీ బట్టల్లోనే ఉంది. మెడ మీద మా అడవుల్లో వేసవిలో కుట్టే నల్ల ఈగల మచ్చలు, రొప్పుతోంది. సైకిలు తొక్కుకుంటూ వచ్చినట్టుంది. నన్ను చూసి, "ఏమయింది మిసెస్ ట్రెవారో? లెటర్ రాలేదా?" అంది.

ప్రాథర్ లేచి నిలబడ్డాడు. చెయ్యి చాచి, ముఖమంతా నవ్వు పులుముకుని, "రా, రా. కూర్చో ఎలీనా," అన్నాడు.

ఐనా ఆయన చేతి వంక చూసింది. ఏళ్ళ తరబడి అణిచిపెట్టుకునే అలవాటున్న మనిషి కాబట్టి ముఖంలో ఏమీ కదల్లేదు. చెయ్యి కలిపింది. "ఐనా, సార్," అంది మెల్లిగా. అప్పుడే టేబుల్ మీద తన పేరున్న కాగితం కంటపడింది. చూడనని సంతకం పెట్టిన కాగితం.

కర్టిస్ లెటర్ నా చేతిలోకి తీసుకున్నాను గానీ, దాన్ని మాత్రం నేను తియ్యలేదు. ప్రాథర్ కూడా తియ్యలేదు. ఐనా నా వంక ఒక్కసారి చూసి, దాన్ని చేతిలోకి తీసుకుంది.

అర పేజీ చదవడానికి ఎంత సేపు పడుతుంది? ఆ పిల్ల చాలాసేపు చదివింది. "వేళకు వస్తుంది," అని పైకి చదివింది. "ఇది నేను రాసిందే." కిందికి వెళ్ళి ఆగిపోయింది. "ఇది నేను రాయలేదు." తలెత్తి ప్రాథర్ వంక చూసింది. "నేను ఎప్పుడు తప్పు చేశాను సార్? ఎప్పుడు నా పక్కన మనిషిని పెట్టాల్సి వచ్చింది? ఒక్కరోజు చెప్పండి."

ప్రాథర్ టేబుల్ మీది టోపీని పక్కకు జరిపాడు.

"మిసెస్ ట్రెవారో," అంది ఐనా. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "మీ చేతిలో ఇంకో కాగితముంది. అది కూడా నా గురించేనా?"

"పేరు కర్టిస్‌ది," అన్నాను. "రెండో పేజీ నీది."

"ఇవ్వండి."

"లోర్నా," అన్నాడు ప్రాథర్. "అది ఇంకొకరి లెటర్. ఇంకో మనిషి హక్కు."

ఇచ్చాను.

ఐనా నిలబడే చదివింది. స్లెడ్డు దగ్గరికి వచ్చేసరికి మెడ మీది మచ్చలు ఎర్రబడ్డాయి, తర్వాత మొహమంతా ఎర్రబడింది. ఏడుస్తుందేమోనని నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఏడవలేదు. కాగితాన్ని అంచులు సరిచేసి, ప్రాథర్ ముందు పెట్టింది. తెల్ల కాగితం ఒకటి ట్రేలోంచి తీసి దాని పక్కన పెట్టింది. కలం తీసి ఆ కాగితం మీద పెట్టింది.

తలుపు మీద రెండు చిన్న దెబ్బలు. సమాధానం కోసం ఆగకుండా తెరుచుకుంది. చేతిలో కాగితాల దొంతరతో కర్టిస్ లోపలికి తల పెట్టాడు.

"డాక్టర్ ప్రాథర్, మిగిలిన నాలుగు లెటర్లు కూడా అయిపోయాయి. మీరు క్యాంపుకు బయల్దేరే లోపు సంతకాలు పెట్టేస్తే..."

అప్పుడు ఐనాను చూశాడు. తర్వాత నన్ను, తర్వాత టేబుల్ మీద తన పేరున్న రెండు పేజీలను. కాగితాల దొంతరను ఎదకు హత్తుకున్నాడు.

ఐనా పక్కనున్న కుర్చీ మీది ఐసు పెట్టె ఎత్తి నేలమీద పెట్టి, కుర్చీని అతని వైపు తోసింది.

"కూర్చో కర్టిస్. డాక్టర్ ప్రాథర్ నా లెటర్ ఆయన చేత్తో రాయబోతున్నారు. ఆ ఆదివారం ఏం జరిగిందో ఆయనకు చెప్పు. మొదటి నుంచీ చెప్పు. నేను చెబితే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది."

ప్రాథర్ కలం తీసుకున్నాడు. ఐదు కావడానికి ఇంకా యాభై నిమిషాలుంది. కర్టిస్ నా వంక చూశాడు, నేను తలుపు మూసి గడియ పెట్టాను.